పాత సినిమా కాగితానికి వేలంపాట: అక్కడ కోట్లు, ఇక్కడ కిలోలు

(మా గ్రామీణ విలేఖరి)

మా ఊరి టాకీసు మూతపడి, ధాన్యం గోడౌనుగా మారి చాలా ఏళ్ళయినది. 2025 వేసవిలో అక్కడి ఆపరేటరు గదిని ఖాళీ చేయించారు. రెండు గోనెసంచుల నిండా పాత వాల్ పోస్టర్లు, హాలు ముందు అద్దాల పెట్టెలో పెట్టే ఫోటో కార్డులు, చెమ్మకు అంటుకుపోయిన పాటల పుస్తకాలు బయటపడినవి. పాత ఇనుము, పాత కాగితాలు కొనే బండివాడు వాటిని తూకం వేసి పట్టుకుపోయాడు. వచ్చిన డబ్బు ఆ రోజు పనిచేసిన కూలీల టీ, టిఫిన్లకు సరిపోయిందని హాలు యజమాని కుమారుడు ఈ విలేఖరితో నవ్వుతూ చెప్పారు.

ఆ తరువాత కొద్ది వారాలకే, జూలై నెలలో, అమెరికాలో ఒక చెక్కబండి అమ్ముడుపోయినది. పిల్లలు మంచు మీద కూర్చుని జారే బండి అది. 1941లో ఆర్సన్ వెల్స్ తీసిన 'సిటిజన్ కేన్' చిత్రంలో కనిపించినందువల్ల దానికి 1 కోటి 47 లక్షల 50 వేల డాలర్లు పలికినవి. మన రూపాయల్లో 125 కోట్లకు పైమాటే. అంతకు ఏడు నెలల ముందు, 2024 డిసెంబరులో, అదే వేలం సంస్థ ఒక ఆడపిల్ల తొడిగిన బూట్ల జతను అమ్మినది. దాని ధర 3 కోట్ల 25 లక్షల డాలర్లు, అనగా సుమారు 275 కోట్ల రూపాయలు. సినిమా వస్తువుకు వేలంలో ఇంత ధర అంతకుముందు ఎన్నడూ పలకలేదు.

ఈ వార్తలు ఫోన్లలో మన పల్లెలకు కూడా చేరినవి. దానితో రెండు రకాల మాటలు వినబడుతున్నవి. డబ్బు ఎక్కువై పిచ్చిపట్టిన వాళ్ళ పాటలని కొందరు కొట్టిపారేస్తున్నారు. మరికొందరు అటక మీద ఉన్న ఒక పాత పోస్టరు దులిపి, దీనికి ఎన్ని లక్షలు వస్తాయని అడుగుతున్నారు. ఈ రెండు మాటలూ సరికావు. ఆ ధరల వెనుక ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క తెలియనందువల్ల మన వైపు నష్టం కూడా జరుగుతున్నది.

ఒక జత బూట్ల సంగతి

బూట్ల కథనే మొదట చూద్దాం. 1939లో ఎం.జి.ఎం. కంపెనీ తీసిన 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' అనే పిల్లల చిత్రంలో జూడీ గార్లాండ్ వాటిని తొడిగినది. మూల కథలో అవి వెండి పాదరక్షలు. అప్పుడప్పుడే వచ్చిన రంగుల తెర మీద బాగా కనబడాలని వాటిని ఎర్రగా మార్చారు. మామూలు బూట్లకు ఎర్రని తళుకు బిళ్ళలు కుట్టారు, అంతే. వాటిలో కెంపులు లేవు, బంగారం లేదు. షూటింగు అవసరానికి ఒకటి కంటే ఎక్కువ జతలు తయారుచేశారు. వాటిలో నాలుగు జతలు నేటికీ ఉన్నట్లు లెక్క.

షూటింగు అయిపోయిన తరువాత అవి కంపెనీ దుస్తుల గిడ్డంగిలో ఓ మూల పడి ఉన్నవి. ముప్ఫై ఏళ్ళు వాటిని పట్టించుకున్నవారు లేరు. 1970లో ఎం.జి.ఎం. యాజమాన్యం మారి, పాత సామానంతా వేలానికి పెట్టినప్పుడు కెంట్ వార్నర్ అనే దుస్తుల విభాగం ఉద్యోగి వాటిని వెతికి బయటికి తీశాడు. అప్పటి వేలంలో ఒక జతకు 15 వేల డాలర్లు వచ్చినవి. ఆనాటి లెక్కలో మన డబ్బు లక్ష రూపాయలకు కొంచెం పైన. అంతకే జనం ముక్కున వేలు వేసుకున్నారు.

రికార్డు ధర పలికిన జత ఆ వేలానికి వెళ్ళినది కాదు. అది ఆ కాలంలోనే వేరుగా ఒక సేకరణకర్త చేతికి చేరినది. ఆయన దాన్ని ఊరూరా ప్రదర్శనలకు ఇచ్చేవాడు. జూడీ గార్లాండ్ పుట్టిన ఊరు మినెసోటా రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్. మన నరసాపురం కన్నా చిన్న ఊరు. అక్కడ ఆమె పేరిట ఒక మ్యూజియం ఉన్నది. 2005 ఆగస్టులో బూట్లు అక్కడ ప్రదర్శనలో ఉండగా ఒక రాత్రి దొంగ కిటికీ పగలగొట్టి లోపలికి వచ్చి, అద్దాల పెట్టె బద్దలుకొట్టి పట్టుకుపోయాడు. నేల మీద ఒక్క ఎర్ర తళుకు బిళ్ళ మాత్రమే మిగిలినది. పదమూడేళ్ళ తరువాత, 2018లో, అమెరికా కేంద్ర నేర పరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. వాటిని తిరిగి పట్టుకున్నది. నేరం ఒప్పుకున్న వృద్ధుడు కోర్టులో చెప్పిన సంగతి వింటే నవ్వూ జాలీ రెండూ వస్తాయి. అవి నిజమైన కెంపులని అనుకున్నాడట! గాజు అని తెలిశాక వదిలించుకున్నాడు. 2024 జనవరిలో శిక్ష వేసేనాటికి అతను మరణశయ్య మీద ఉన్నందున జైలుకు పంపలేదు.

దొరికిన జత అసలుదేనా అని నిర్ధారించడానికి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న మరో జతతో పోల్చి చూశారు. అప్పుడొక చిత్రం బయటపడినది. రెండు జతలూ ఎప్పుడో తారుమారైనవి. ఇక్కడి ఎడమకాలి బూటుకు సరిజోడు అక్కడ ఉన్నది, అక్కడి ఎడమకాలి బూటుకు సరిజోడు ఇక్కడ ఉన్నది. నకిలీ చేసేవాడికి ఇటువంటి తికమక తోచదు గదా! అసలుతనానికి అదొక సాక్ష్యమైనది.

ఇక వేలం. 30 లక్షల డాలర్లు రావచ్చునని సంస్థ ముందుగా అంచనా ప్రకటించినది. తమ ఊరి ఆడపడుచు తొడిగిన బూట్లు తిరిగి ఊరికి తెచ్చుకోవాలని గ్రాండ్ రాపిడ్స్ ప్రజలు చందాలు పోగుచేశారు. రాష్ట్ర ప్రభుత్వం లక్ష డాలర్లు కేటాయించినది. పాట మొదలైన కొద్ది నిమిషాలకే వారి చందా ఎక్కడో అడుగున ఉండిపోయినది. కొన్నవారి పేరు కూడా బయటికి రాలేదు. ఆ ఊరివాళ్ళు వట్టి చేతులతో మిగిలారు.

1970లో గిడ్డంగి తలుపులు తెరిచిన రోజున ఇదే పని తేలికగా అయ్యేది. సేకరణలో సగం కష్టం ఇక్కడే ఉన్నది. వస్తువు చవకగా ఉన్నప్పుడు ఎవరికీ అక్కర లేదు, అక్కర తెలిసేనాటికి అందదు. నటి డెబ్బీ రేనాల్డ్స్ ఈ సంగతి ముందే గ్రహించినది. 1970 వేలంలో ఆమె స్వయంగా కూర్చుని దుస్తులు, సామగ్రి కొన్నది. వాటితో మ్యూజియం పెట్టాలని నలభై ఏళ్ళు తిరిగినది. పెట్టుబడి పెట్టేవారు నిలకడగా దొరకలేదు, అప్పులు పెరిగినవి. చివరకు 2011లో తానే వాటిని వేలానికి పెట్టవలసి వచ్చినది. ఆమె దాచిన మార్లిన్ మన్రో తెల్ల గౌను ఒక్కటే 46 లక్షల డాలర్లకు పాట కొట్టారు. అమ్ముడుపోయినందుకు ఆమె సంతోషించలేదు.

ఇది మన పాటేనా?

వేలంపాట మనకు కొత్త కాదు. పంచాయతీ చెరువుల పాట, దేవాలయ భూముల కౌలు పాట, కొబ్బరి తోటల పాట ఏటా చూస్తూనే ఉన్నాము. ధరావతు కట్టడం, సర్కారువారి పాట, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనడం అన్నీ అక్కడా ఉన్నవి. సర్కారువారి పాటను మనం అందరి ఎదుట చదువుతాము. అక్కడ అమ్మకందారు కనీస ధర రహస్యం. ఆ ధర అందేవరకు అమ్మకందారు తరఫున వేలందారే పాట పెంచే ఆచారం కూడా కొన్నిచోట్ల ఉన్నది. నిబంధనల పుస్తకంలో చిన్న అక్షరాలలో ఆ సంగతి అచ్చువేసి ఉంటుంది. పాడేవారు ఎదురుగా ఉండనక్కరలేదు. ఫోనులో పాడవచ్చు, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని పాడవచ్చు.

అసలు కిటుకు కమీషనులో ఉన్నది. బూట్ల పాట నిజానికి 2 కోట్ల 80 లక్షల డాలర్ల దగ్గర ఆగినది. దాని మీద కొన్నవారు సంస్థకు చెల్లించిన రుసుము 45 లక్షల డాలర్లు. అంటే సుమారు 38 కోట్ల రూపాయలు. ఇది కొనేవారి దగ్గర. అమ్మేవారి దగ్గర కూడా కమీషను పుచ్చుకోవడం వేలం సంస్థల మామూలు పద్ధతి. వస్తువు పెద్దదైతే బేరమాడుకోవచ్చు, చిన్నదైతే అడిగినంత ఇవ్వాలి. ఫోటోలు తీయించడానికి, బీమాకు, రవాణాకు వేరే పద్దులు. కనుక పత్రికలో పడిన ధర మొత్తం అమ్మినవాడి జేబులోకి పోయిందని అనుకోరాదు. వేలం సంస్థవారు నిపుణులే, కాదనలేము. అయితే వారు తీర్పరులు కారు, వ్యాపారులు. ముందుగా తక్కువ అంచనా ప్రకటిస్తే పాడేవారు ఎక్కువమంది వస్తారని వారికి బాగా తెలుసు.

బూట్లకు అంత ధర ఎందుకని అడిగేవారికి హైదరాబాదు దగ్గర బాలాపూర్ వినాయకుడి లడ్డూ సంగతి గుర్తుచేయవలసి ఉన్నది. 1994లో మొదటిసారి ఆ లడ్డూ పాట 450 రూపాయలు. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు. పాడినవారు తీపి కోసం పాడలేదు. ఆ లడ్డూ ఎవరి చేతిలో పెట్టినదో ఊరంతా చూశారు కనుక పాడారు. బూట్లూ అంతే. అవి ఎవరి కాళ్ళకు ఉన్నవో ప్రపంచమంతా తెర మీద చూసినది.

మిగలనందువల్లే ధర

పోస్టరు కథ వేరు. బూట్లు నాలుగు జతలే, పోస్టర్లు వేలల్లో అచ్చయినవి. మరి ఒక కాగితానికి ఇళ్ళూ పొలాలూ కొనగలిగే ధర ఎందుకు? 1927 నాటి జర్మన్ చిత్రం 'మెట్రోపొలిస్' పోస్టరుకు 2005లో 6 లక్షల 90 వేల డాలర్లు ఇచ్చారు. 1931 నాటి 'డ్రాక్యులా' పోస్టరుకు 2017లో 5 లక్షల 25 వేల 800 డాలర్లు పలికినవి.

కారణం తేలిక. దాచడానికి ఎవరూ పోస్టరు వేయలేదు. అమెరికాలో సినిమా హాళ్ళకు పోస్టర్లు చాలావరకు అద్దె మీద వచ్చేవి. ఆట మారగానే తిరిగి పంపాలి, అవి మరో హాలుకు పోవాలి. చిరిగేదాకా అలా తిరిగేవి. రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం కరవై, పాత కాగితాలు పోగుచేసి గుజ్జు చేసే ఉద్యమం నడిచినది. లెక్కలేనన్ని పోస్టర్లు అందులో పోయినవి. వేలల్లో అచ్చయిన బొమ్మలు కొన్ని మూడు, నాలుగు ప్రతులకు దిగినవి.

మిగిలినవి ఎలా మిగిలినవో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో బెర్విక్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ ఒక పాత ఇంటి అటక మీద ఒక మందపాటి కాగితపు దిమ్మ దొరికినది. 1930, 31 నాటి సినిమా పోస్టర్లు 33, ఒకదాని మీద ఒకటి గోడకాగితాల జిగురుతో అంటించి ఉన్నవి. వారం వారం కొత్త బొమ్మను పాతదాని మీద అంటించినందున అట్టలాగా తయారైనది. దాన్ని కొన్నవారు వారాల తరబడి ఆవిరి పట్టించి ఒక్కొక్క పొరా విడదీయించారు. 2012 మార్చిలో డల్లాస్ వేలంలో ఆ 33 పోస్టర్లకు కలిపి 5 లక్షల 3 వేల డాలర్లు వచ్చినవి.

ఈ వార్త చదివినప్పుడు మా వీధి టీ కొట్టు పక్క గోడ కళ్ళ ముందు మెదిలినది. మా చిన్నతనంలో ఆ గోడ మీద మైదా పిండి జిగురుతో శుక్రవారం శుక్రవారం పోస్టరు మీద పోస్టరు అంటించేవారు. వానకు పొరలు పొరలుగా ఊడి వేలాడేవి. ఊడిన ముక్కలను మేకలు తినేవి. అట్ట మందంగా ఉన్నచోట చీల్చి తెచ్చుకుని పశువుల కొట్టం తడికెకు కట్టేవారు. మాకు బడి పుస్తకాల అట్టలు కూడా వాటితోనే. లెక్కల పుస్తకం మీద రామారావు గారు, సాంఘిక శాస్త్రం మీద నాగేశ్వరరావు గారు. ఏ వీరుడూ పరీక్షలో ఆదుకోలేదన్నది వేరే సంగతి.

అసలు, నకలు

ధర ఉన్నచోట నకిలీ ఉంటుంది. అమెరికాలో పాత భయానక చిత్రాల పోస్టర్లు, ఫోటో కార్డులు నకిలీవి తయారుచేసి, పాత కాగితం మీద అచ్చువేసి సేకరణకర్తలకు అంటగట్టిన వ్యవహారం 2009లో బయటపడి కోర్టుకెక్కినది. ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవారే అందులో మోసపోయారు.

వస్తువు అసలుదని చెప్పడానికి అక్కడ రెండు దారులు ఉన్నవి. ఒకటి, సినిమా బొమ్మను నిలిపి వస్తువు మీద ఉన్న గీత, సొట్ట, చెక్క చార తెర మీద కూడా ఉన్నవేమో పోల్చడం. రెండవది, ఆ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చినదో వరుసగా చూపే కాగితాలు. చెక్కబండి సంగతే చూడండి. దర్శకుడు జో డాంటే 1984లో పాత ఆర్.కె.ఓ. స్టూడియో ఆవరణలో సినిమా తీస్తుండగా అది ఆయనకు దొరికినది. ఎక్కడ దొరికినదో తెలుసు, ఎవరు దాచారో తెలుసు, మధ్యలో తన చిత్రాలలో దాన్ని చూపించారు కూడా. ఆ బండికి పలికిన ధరలో ఈ వరుసకు చాలా భాగం ఉన్నది.

ఈ లెక్కన మన పౌరాణిక చిత్రాల కిరీటాలు, గదల పరిస్థితి కష్టమే. అవి చెక్కతో, కాగితం గుజ్జుతో చేసి బంగారు రంగు పూసినవి. ఒక చిత్రానికి వాడినవి మరో చిత్రానికి, ఆ తరువాత నాటక సమాజాలకు పోయేవి. ఫలానా గద ఫలానా చిత్రంలోదే అని ఎవరైనా అమ్మజూపితే, రుజువు ఏమిటని అడగాలి. మాట మీద కొంటే కట్టెల ధరే న్యాయం.

పోస్టర్లలో మన వైపు జరిగే పొరపాటు ఎక్కువగా మళ్ళీ విడుదలల వల్ల వస్తున్నది. 'మాయాబజార్' 1957లో వచ్చినది. దానికే రంగులు అద్ది 2010 జనవరిలో మళ్ళీ విడుదల చేశారు. పేరు ఒకటే, కాగితం వయస్సు యాభై మూడేళ్ళ తేడా. మధ్యలో విడుదలైనప్పుడల్లా కొత్త పోస్టర్లు పడినవి. కనుక సినిమా పాతదైనంత మాత్రాన పోస్టరు పాతది కానక్కరలేదు. అడుగున సన్న అక్షరాలలో ముద్రణాలయం పేరు, ఊరు ఉంటాయి. కాగితం వాసన, మడతల దగ్గర అరుగుదల, అంచుల గోధుమ రంగు చూడాలి. పాత లిథో అచ్చులో రంగు పూసినట్లుగా పరుచుకుని ఉంటుంది. తరువాత వచ్చిన ఆఫ్‌సెట్ అచ్చును భూతద్దంలో చూస్తే వరుసగా చుక్కలు కనబడతాయి. అయితే చుక్కలు ఉన్నవన్నీ నకిలీలు కావు. డెబ్బై, ఎనభైలలో వచ్చిన అసలు పోస్టర్లలో ఆఫ్‌సెట్‌వి చాలా ఉన్నవి. ఇక నిన్న మొన్న కంప్యూటరులో తీసిన నకళ్ళు పట్నాల హోటళ్ళ గోడలకు బాగానే ఉంటాయి. వాటిని పాతవని అమ్మితేనే నేరం.

మన దేశంలో పాట

భారతదేశంలో సినిమా పోస్టర్లను వేలంశాల మెట్లు ఎక్కించిన వారిలో ముంబయికి చెందిన ఓషియాన్స్ సంస్థ ముఖ్యమైనది. ఇరవై ఏళ్ళ కిందట ఆ సంస్థ పాత హిందీ చిత్రాల పోస్టర్లు, ఫోటోలు, పుస్తకాలు పెద్దఎత్తున సేకరించినది. 2006లో కళాఖండాల మీద పెట్టుబడి నిధి ఒకటి తెరిచి వంద కోట్లకు పైగా వసూలు చేసినది. 2009లో గడువు తీరేసరికి బజారు పడిపోయి మదుపుదారులకు చెల్లింపులు ఆలస్యమైనవి. దాచుకోవడానికి కొన్న కాగితం వేరు, రెట్టింపు అవుతుందని కొన్న కాగితం వేరు. రెండవది పొగాకు ధర లాంటిది, ఎప్పుడు పడుతుందో చెప్పలేము. ఇటీవల ముంబయిలోనే డి రివాజ్ అండ్ ఐవ్స్ వంటి సంస్థలు సినిమా సామగ్రి వేలాలు జరుపుతున్నవి. ధరలు సాధారణంగా వేలల్లో, అరుదైనవి లక్షల్లో ఉంటున్నవి. కోట్ల మాట ఇక్కడ కలలోది. అందులోనూ హిందీ బొమ్మకు ఉన్న గిరాకీ తెలుగు బొమ్మకు లేదు.

వందేళ్ళు దాటిన కళావస్తువును అనుమతి లేకుండా దేశం దాటించరాదని 1972 నాటి చట్టం చెబుతున్నది. మన సినిమా కాగితాలు దాదాపు అన్నీ ఆ వయస్సుకు ఇంకా రాలేదు. 

ప్రభుత్వపరంగా పుణెలో 1964లో స్థాపించిన జాతీయ ఫిలిం ఆర్కైవు ఉన్నది. 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపారు. సినిమాలతోపాటు పోస్టర్లు, ఫోటోలు, పాటల పుస్తకాలు కూడా అక్కడ భద్రపరుస్తున్నారు. ముంబయిలో 2014 నుంచి ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ ఇదే పని చేస్తున్నది. 2019లో జాతీయ సినిమా మ్యూజియం కూడా అక్కడే తెరిచారు. పుణె, ముంబయి మనకు దూరమే. కాని బండివాడి తక్కెడ కన్నా దూరమేమీ కాదు, తపాలా ఉన్నది గదా.

తెలుగువారికి ఈ కాగితాల అవసరం ఎంతటిదో ఒక్క సంగతి చెబితే తెలుస్తుంది. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చాలాకాలం రాసుకున్నాము, ఉత్సవాలు చేసుకున్నాము. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు పాత సెన్సారు వివరాలు, ఆనాటి పత్రికల ప్రకటనలు వెతికి, 1932 జనవరిలో సెన్సారు అయి ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని నిరూపించారు. ఆ సినిమా ప్రతి నేడు లేదు. 1921 నాటి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా లేదు. తెర మీది బొమ్మ పోయిన తరువాత మిగిలే సాక్ష్యం కాగితమే. పాటల పుస్తకంలో కథ ఉంటుంది, నటుల పేర్లు ఉంటాయి, కొన్నిటిలో మరెక్కడా దొరకని పేర్లు ఉంటాయి. కరపత్రంలో తేదీ ఉంటుంది, హాలు పేరు ఉంటుంది.

మన జిల్లాకు ఇందులో వేరే బాధ్యత కూడా ఉన్నది. పోస్టరు బొమ్మను కళగా నిలిపిన ఈశ్వర్ గారు పాలకొల్లు వారే. 1967లో బాపు గారి 'సాక్షి'తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు తెలుగు పోస్టరుకు రూపం దిద్దారు. 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాసి నంది బహుమతి అందుకున్నారు. 2021లో కన్నుమూశారు. ఆయన కుంచెతో వేసిన బొమ్మలు అచ్చయి, మన ఊళ్ళ గోడలకు ఎక్కి, మన మేకల కడుపులోకే పోయినవి. ఇప్పుడు ఆయన పోస్టర్లు ఈ జిల్లాలోనే వరుసగా పెట్టి చూపించగల చోటు ఈ విలేఖరి ఎరుకలో లేదు.

ఇంట్లో ఉన్నవారు చేయవలసినది

పాత రోజుల్లో గాంధీనగరం నుంచి, అనగా విజయవాడ పంపిణీ కార్యాలయాల నుంచి, బొమ్మ పెట్టెతో పాటు పోస్టర్ల కట్ట వచ్చేది. గోడలకు అంటించినవి పోయినవి. అంటించక మిగిలినవే ఇప్పుడు హాలు యజమానుల ఇళ్ళలో, ఆపరేటర్ల ట్రంకు పెట్టెలలో, రిక్షాలో మైకు కట్టి ప్రచారం చేసినవారి అటకల మీద ఉన్నవి. కొనేవారు వచ్చి వెళుతున్నారని చుట్టుపక్కల గ్రామాల్లో వినబడుతున్నది. పట్నం నుంచి మోటారు సైకిలు మీద వచ్చి కట్ట మొత్తానికి ఒక ధర చెప్పి, అప్పటికప్పుడు డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోతున్నారట. అది తప్పని అనలేము, కొనుక్కోవడం వారి హక్కు. అమ్మేవారు మాత్రం కట్ట విప్పి, ఏమేమి ఉన్నవో పేర్లు రాసుకుని, ఫోనులో ఒక్కొక్కదానికీ ఫోటో తీసుకుని, ఆ తరువాత ధర మాట్లాడటం మంచిది. ఒకరికి ఇద్దరిని అడగాలి.

బాగుచేయబోయి పాడుచేస్తున్నవారూ ఉన్నారు. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటిస్తే కొన్నేళ్ళకు జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి ఇంకుతుంది. లామినేషను చేయిస్తే ఇక తీయడం కుదరదు, సేకరణకర్త దాన్ని ముట్టుకోడు. తడిగుడ్డతో తుడవరాదు. అంటుకుపోయిన వాటిని గోటితో విడదీయరాదు, బెర్విక్ దిమ్మను నిపుణుల చేత ఎందుకు విడదీయించారో గుర్తుంచుకోవాలి. చెమ్మ, ఎండ తగలకుండా, చెదపురుగు ఎక్కకుండా, వీలైతే మడవకుండా ఉంచితే చాలు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక తెల్లకాగితం మీద ఇవి ఏ హాలువి, ఎవరి దగ్గర ఉన్నవి, ఎప్పటివి అని రాసి కట్టతోపాటు పెట్టడం. ఆ ముక్క రాయగలిగినవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వయస్సులో ఉన్నారు.

ఈ వ్యాసం రాసే ముందు బండివాడిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ రెండు సంచులు మరునాడే పెద్ద కొట్టుకు వేసేశానని, అక్కడి నుంచి లారీ ఎక్కి కాగితం మిల్లుకు పోయి ఉంటాయని చెప్పాడు. ఏ సినిమాలవో చూశావా అంటే, బొమ్మలెవరు చూస్తారండీ, తడి ఉందేమో చూసుకుంటాము, తడి ఉంటే తూకంలో కోత కదా అన్నాడు. నేను లేవబోతుంటే, ఒకటి ఉంచానండీ అని బండి సీటు కింద నుంచి ఒక మడత తీశాడు. అది ఫోటో కార్డు. సగం నీళ్ళకు చెరిగినది. మిగిలిన సగంలో కిరీటం పెట్టుకున్న నటుడి భుజం, వెనుక ఒక స్తంభం కనబడుతున్నవి. సినిమా పేరు ఉండే అడుగు భాగం లేదు. సీటు గట్టిగా ఉంటే మడత పెట్టి వేసుకున్నానని చెప్పాడు. ధర ఎంత ఇమ్మంటావని అడిగాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, ఊరికే తీసుకోండి బాబూ అన్నాడు. అది ఏ చిత్రంలోదో చెప్పగలవారు మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వారిని అడుగుతున్నాను.